గొట్టంలో అరగంట

ఒరేయ్ శీనూ,

నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. నీ నడుం నొప్పి గురించి కాదు, దాని సంగతి డాక్టరు చూసుకుంటాడు. నీకు రాసిన ఎమ్మారై స్కానింగ్ గురించి మాటల మధ్యలో మూడుసార్లు అడిగావు చూడు, "లోపలికెళ్లాక ఉండలేకపోతే బయటికి రానిస్తారా?" అని. నవ్వుతూనే అడిగావుగానీ నీ గొంతు నాకు తెలీదా! రెండేళ్ల కిందట తల తిరుగుడుకి నాకు ఎమ్మారై రాసినప్పుడు నా బుర్రలోనూ సరిగ్గా ఇదే ప్రశ్న. కాకపోతే నేను ఎవర్నీ అడగలేదు. అడిగితే పిరికివాడనుకుంటారని. ఆ అడగకపోవడం వల్ల ఏమైందో నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తాను. ఫోన్లో అయితే సగంలోనే నవ్వుతావు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ ప్రశ్నకి జవాబు. రానిస్తారు, ఎప్పుడంటే అప్పుడు. పడుకోబెట్టాక చేతిలో ఒక రబ్బరు బుడ్డి పెడతారు. పాతకాలం సైకిల్ హారన్‌కి ఉండేది చూడు, అచ్చం అలాంటిదే. దాని గొట్టం వెళ్లి అవతలి గదిలో అలారానికి తగులుతుంది. అద్దం అవతల టెక్నీషియన్ నిన్ను చూస్తూనే ఉంటాడు, మైకులో మాట్లాడతాడు, నువ్వు మాట్లాడినా వినిపిస్తుంది. యంత్రం మోతలో నీ గొంతు వినపడకపోవచ్చు, అందుకే ఆ బుడ్డి. నొక్కితే స్కానింగ్ ఆపి బల్లని బయటికి లాగేస్తారు, అంతే.

నాకెలా తెలుసంటావా? నేను నొక్కాను. అదీ లోపలికెళ్లిన రెండో నిమిషంలో!

నాది తల స్కానింగ్ కదా, పడుకోగానే మొహం మీద ప్లాస్టిక్ బోను లాంటిది టక్కున బిగించారు. దాన్ని కాయిల్ అంటారట, సిగ్నళ్లు పట్టుకునే యాంటెన్నా అది. తల కదలకుండా అటూ ఇటూ మెత్తలు దూర్చారు. బల్ల మెల్లగా వెనక్కి జరుగుతోంది, నేను ధీమాగానే ఉన్నాను. ఎంత ధీమాగా అంటే, లోపల ఎలా ఉంటుందో చూద్దామని కళ్లు తెరిచాను. అదేరా నేను చేసిన తప్పు. ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి కప్పు. పక్కలకి చూస్తే భుజాలు గోడకి తగులుతున్నాయి. లోపల గాలి ఆడుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది, అయినా ఊపిరి అందనట్టు అనిపించింది. గుండె దడదడా కొట్టుకుంది, అరచేతులు చెమటలు. ఇంకా ఆ యంత్రం కూత కూడా కూయలేదు, నేను బుడ్డి నొక్కేశాను.

ఆ కుర్రాడు పరుగెత్తి రాలేదు, కంగారూ పడలేదు. నింపాదిగా వచ్చి, బోను తీసి, "కూర్చోండి సార్, రోజూ ఒకరిద్దరు ఇలా వస్తారు" అన్నాడు. నీళ్లు ఇచ్చాడు. తర్వాత అన్న మాటే నాకు పనికొచ్చింది: "బల్ల కదలకముందే కళ్లు మూసుకోండి, బయటికొచ్చేదాకా తెరవకండి. ఎంత చోటుందో తెలీకపోతే భయం ఉండదు." మడిచిన చిన్న తువ్వాలు ఒకటి కళ్ల మీద వేశాడు. రెండోసారి అరగంట పైన ఉన్నాను. హాయిగా ఉన్నానని అబద్ధం చెప్పనుగానీ, ఉండగలిగాను. ముందే "నాకు ఇరుకు చోటంటే భయం" అని ఒక్క మాట అని ఉంటే ఆ తువ్వాలు మొదటిసారే వేసేవాడు కదా.

కాబట్టి నువ్వు ముందే చెప్పు. మరీ భయమైతే భయం తగ్గి మగతగా ఉండేలా మందు ఇస్తారు, కానీ అది డాక్టరుతో ముందుగా మాట్లాడుకోవాల్సిన విషయం. ఆ మందు పడితే తోడు మనిషి ఉండాలి, ఆ రోజంతా బండి ముట్టుకోకూడదు. మనిషిని లోపలికి పంపే గొట్టం కూడా అన్నిచోట్లా ఒకే సైజు కాదు. మామూలుగా 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే దాదాపు రెండడుగులు. కొత్త వాటిలో 70 సెంటీమీటర్లవి ఉన్నాయి. పది సెంటీమీటర్లే కదా అనుకోకు, నీ భుజాలకి ఆ పదే చాలా తేడా. ఫోన్ చేసి అడుగు. నీకు ఇంకో రెండు శుభవార్తలు: నడుముకి ఆ మొహం మీది బోను ఉండదు, దాని కాయిల్ బల్లలోనే నీ వీపు కింద ఉంటుంది. కొన్నిచోట్ల నడుముకి కాళ్లు ముందు పెట్టి పంపిస్తారు. అలాగైతే తల గొట్టం నోటి దగ్గరే ఉంటుంది. అడిగి చూడు, కుదిరితే వాళ్లే చేస్తారు. గొట్టం రెండు వైపులా తెరిచే ఉంటుందని కూడా గుర్తుపెట్టుకో. నేనది మూసిన డబ్బా అనుకున్నాను మొదట.

ఇక నువ్వు అడిగిన రెండో సంగతి, రేడియేషన్. ఎక్స్‌రే, సీటీ స్కాన్‌లలో ఉండేది ఇందులో ఉండదు. ఇక్కడున్నది అయస్కాంతం, రేడియో తరంగాలు. మన ఒంట్లో ఎక్కడ చూసినా నీళ్లే కదా, నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్ కేంద్రకాలు ఒక్కొక్కటీ బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తాయి. పెద్ద అయస్కాంతంలోకి మనిషిని పెడితే వాటిలో కొన్ని దాని దిశకి సర్దుకుంటాయి. రేడియో తరంగం పంపి వాటిని కదిలిస్తారు. తరంగం ఆపగానే మళ్లీ యథాస్థానానికి వస్తూ సన్నటి సిగ్నల్ ఇస్తాయి. కొవ్వులో ఒక వేగంతో, వెన్ను చుట్టూ ఉండే ద్రవంలో ఒక వేగంతో, నరంలో ఇంకో వేగంతో. ఆ తేడాలన్నీ కంప్యూటర్ బొమ్మగా మారుస్తుంది. ఎముకల మధ్య డిస్కూ, దాని పక్కన నరమూ ఎక్స్‌రేలో కనిపించవు. నీకు ఎడమ కాల్లోకి జివ్వుమని లాగేది ఎక్కణ్ణుంచో తెలియాలంటే ఇందులోనే చూడాలి.

ఆ అయస్కాంతం మామూలుది కాదురోయ్. దాని బలాన్ని టెస్లాల్లో కొలుస్తారు. ఎక్కువచోట్ల 1.5 టెస్లా, కొన్నిచోట్ల 3 టెస్లా. 1.5 అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు! దాని తీగచుట్టలు ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో మునిగి ఉంటాయి. గదిలోకెళ్లగానే చిక్ చిక్ చిక్ అని ఆగకుండా ఒక చప్పుడు వినిపిస్తుంది, ఆ చలిని కాపాడే పంపుది. స్కానింగ్ అప్పుడే మొదలైందని కంగారు పడకు. అన్నిటికంటే ముఖ్యం, ఆ అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. లోపల పేషెంటు ఉన్నా లేకపోయినా, లైట్లు ఆర్పి తాళం వేసినా సరే. ఇనుప వస్తువు ఏదైనా దగ్గరికొస్తే ఎగిరి వెళ్లి దానికి అతుక్కుంటుంది. ఆక్సిజన్ సిలిండర్లూ కుర్చీలూ అలా లోపలికి దూసుకుపోయిన ప్రమాదాలున్నాయి. అందుకే గుమ్మం దగ్గర అంత చెకింగ్.

ఇక్కడే శీనూ, నీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. లోపలికి పంపేముందు ఒక కాగితం ఇస్తారు, రెండు పేజీల ప్రశ్నలు. గుండెకి పేస్‌మేకర్ ఉందా, మెదడులో రక్తనాళానికి క్లిప్పు వేశారా, చెవిలో ఇంప్లాంట్ ఉందా, ఇన్సులిన్ పంపు ఉందా, ఒంట్లో రాడ్లూ స్క్రూలూ ఉన్నాయా అని. నువ్వు బ్యాంకు ఫారం నింపినట్టు అన్నిటికీ "లేదు, లేదు" అని టిక్కులు పెట్టుకుంటూ పోతావు, నీ సంగతి నాకు తెలుసు. అందులో ఒక ప్రశ్న ఉంటుంది: "ఎప్పుడైనా కంట్లో లోహపు ముక్క పడిందా?" అక్కడ ఆగు.

వర్క్‌షాపులో గ్రైండర్ మీద పని చేస్తూ, కళ్లద్దాలు పెట్టుకోమంటే "అబ్బే" అని కంట్లో ఇనుప రజను పడేసుకున్న రోజు గుర్తుందా? నేనే కదా నీ చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన తీసేశానన్నాడు, నువ్వు మర్నాడే మళ్లీ గ్రైండర్ దగ్గర నిలబడ్డావు. ముప్ఫై ఏళ్లయింది, నిజమే. కానీ కనపడనంత ముక్క ఏదైనా మిగిలి ఉంటే ఆ అయస్కాంతానికి కదులుతుంది. కదిలితే కన్నే పోవచ్చు. "అవును" అని రాయి. ముందు కళ్లకి ఒక ఎక్స్‌రే తీసి, ఏమీ లేదని చూసుకుని అప్పుడు పంపిస్తారు. దానికి పట్టేది పది నిమిషాలు. "ఎప్పుడో పాత సంగతిలే" అని మాత్రం వదిలెయ్యకు, నా మీద ఒట్టు.

రాడ్డూ పేస్‌మేకరూ ఉన్నంత మాత్రాన చెయ్యరని కూడా కాదు. టైటానియంతో చేసినవి చాలావరకు ఇబ్బంది పెట్టవు. ఎమ్మారైని తట్టుకునేలా తయారైన పేస్‌మేకర్లూ ఉన్నాయి. ఏ కంపెనీది, ఏ మోడల్ అని కార్డు చూసి వాళ్లే తేలుస్తారు. మనం దాచకుండా చెప్తే చాలు. పళ్లలో నింపించుకున్న సిమెంటు ఏమీ చెయ్యదు, నాకు రెండున్నాయి.

ఇంకోటి. నువ్వు నడుముకి అంటించుకునే ఆ మందు పట్టీలు! కొన్నిటికి వెనకాల సన్నటి అల్యూమినియం పొర ఉంటుంది, రేడియో తరంగాలకి అది వేడెక్కి చర్మం కాలుతుంది. వెళ్లేముందు పీకెయ్, అంటించుకుంటున్నానని చెప్పు కూడా. వాకింగ్‌కి వేసుకునే సాగే బనియన్లు వేసుకెళ్లకు, కొన్నిటి బట్టలో వెండి దారాలు నేస్తారు. ఎలాగూ గౌను ఇచ్చి మార్చుకోమంటారనుకో. వాచీ, ఉంగరం, ఫోను, పర్సు, కార్డులు, కళ్లజోడు, తాళాలు అన్నీ లాకర్లో పెట్టించేస్తారు. మా ఆవిడ తోడుగా గది గుమ్మం దాకా వచ్చింది. తోడొచ్చిన వాళ్లని కూడా అడుగుతారు. ఆవిడ "నా దగ్గర ఏమీ లేవండీ" అంది ధైర్యంగా. చెకింగ్ చేసే అమ్మాయి ఆవిడ జడ చూపించి ఒక్కొక్కటీ తీయించింది. తొమ్మిది పిన్నులు! తొమ్మిదోది బయటికొచ్చేసరికి నా టెన్షన్ అంతా పోయి నవ్వొచ్చింది.

తిండి విషయం అడిగావు. నడుముకి, తలకి సాధారణంగా పస్తుండక్కర్లేదు. పొట్టలో చూసే స్కానింగ్‌కైతే కొన్ని గంటలు ఏమీ తినొద్దంటారు. నీ బీపీ మాత్ర మామూలుగా వేసుకో, వాళ్లు వద్దంటే తప్ప. ముఖ్యంగా లోపలికెళ్లే ముందు బాత్రూమ్‌కి వెళ్లిరా. ఇది ఎవరూ చెప్పరు.

ఇక ఆ మోత. నీకెవరో "చెవులు పగిలిపోతాయి" అని చెప్పారన్నావు కదా, అందులో సగం నిజమే. 100 డెసిబెల్స్ దాటుతుంది. పెద్ద అయస్కాంతం లోపల ఇంకొన్ని తీగచుట్టలుంటాయి, బొమ్మలో ఏ చుక్క ఎక్కడిదో తేల్చడానికి. వాటిలో కరెంటు క్షణానికి ఎన్నోసార్లు మారుతుంటే అవి అదిరి చప్పుడు చేస్తాయి. ఏదో విరిగిపోతున్నట్టు ఉంటుందిగానీ అది పాడైన యంత్రం కాదు, పనిచేస్తున్న యంత్రం. ముందే చెవుల్లోకి మెత్తటి ప్లగ్గులు ఇస్తారు, పైన హెడ్‌ఫోన్లు పెడతారు. ప్లగ్గుని వేళ్లతో బాగా నలిపి, సన్నగా చేసి దూర్చు, లోపల అదే ఉబ్బుతుంది. నేను మొదట ఊరికే చెవి అంచున పెట్టుకున్నాను, ఏమీ ఆగలేదు. సరిగ్గా పెట్టారా అని వాళ్లనే చూడమను.

మోత ఒకే రకంగా ఉండదు. ఒకసారి తలుపు బాదినట్టు డబ్ డబ్ డబ్. రెండు నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత పక్కింట్లో గోడకి డ్రిల్లింగ్ పెట్టినట్టు. మళ్లీ నిశ్శబ్దం. ఆ తర్వాత కారు అలారం లాంటిది, బల్ల కూడా సన్నగా వణుకుతుంది. ఒక్కో మోత ఒక్కో రకం ఫొటో అన్నమాట. ఒకదాంట్లో నీరు తెల్లగా కనిపిస్తుంది, ఒకదాంట్లో కొవ్వు, అలా. ఒక్కోటి రెండు నుంచి ఆరేడు నిమిషాలు. మొదలయ్యే ముందు మైకులో "ఇది నాలుగు నిమిషాలు సార్" అని చెప్తారు. చెప్పకపోతే చెప్పమని అడుగు. ఎంతసేపో తెలిస్తే ఓర్చుకోవడం తేలిక. నేను ఆ మోతతో పాటు అంకెలు లెక్కపెట్టాను. ఎన్నోదో తప్పిపోయాక చిన్నప్పటి ఎక్కాలు మొదలుపెట్టాను, పదిహేడో ఎక్కం దగ్గర ఆగిపోయాను. ఇప్పటికీ రాదు.

అసలు కష్టం మోత కాదురా, ముక్కు. కదలొద్దని చెప్పిన మరుక్షణం ముక్కు ఎడమ పక్కన దురద మొదలైంది. చీమ పాకుతున్నట్టు. చెయ్యి ఎత్తితే ఫొటో చెదురుతుంది, మళ్లీ మొదటి నుంచి తీయాలి. ఆ దురద ముక్కు నుంచి పెదవి మీదికి దిగింది, కాసేపు అక్కడ కూర్చుంది, ఎటు పోయిందో తెలీదు, పోయింది. మోత ఆగినప్పుడు మింగొచ్చు, దగ్గొచ్చు, కానీ పడుకున్న తీరు మాత్రం మార్చకు. కాబట్టి పడుకునేటప్పుడే సౌకర్యంగా పడుకో. నీ నడుముకి వెల్లకిలా పడుకోవడం కష్టం కదా, మోకాళ్ల కింద దిండు పెట్టమను, పెడతారు. నొప్పి మరీ ఎక్కువైతే స్కానింగ్‌కి ముందు మాత్ర వేసుకోవచ్చేమో డాక్టర్ని అడుగు. చేతులు ఒకదానికొకటి తగలకుండా పెట్టమంటారు, కాళ్లు మెలిక వెయ్యొద్దంటారు. చర్మానికి చర్మం తగిలి చుట్టులా ఏర్పడితే అక్కడ వేడి పుట్టే అవకాశం ఉందని. ఒళ్లు కాస్త వెచ్చబడడం మామూలే, ఒక్కోసారి కండ చిన్నగా అదిరినట్టు కూడా అవుతుంది. కానీ ఒకేచోట చురుక్కుమని కాలినట్టుంటే ఓర్చుకోకు, బుడ్డి నొక్కు.

నాకు మధ్యలో బయటికి లాగి చేతికి సూది పెట్టారు. గడోలినియం అనే మందు, కొన్ని భాగాలు స్పష్టంగా కనిపించడానికి. లోపలికి వెళ్తుంటే చేతిలో చల్లటి నీళ్లు పైకి పాకినట్టుంది, అంతే. నడుముకి మామూలుగా అది అక్కర్లేదు. ఇదివరకు వెన్నుకి ఆపరేషన్ అయినా, ఇన్ఫెక్షన్ లాంటి అనుమానమున్నా వాడతారు. ఒకవేళ నీకూ ఇస్తామంటే కిడ్నీల సంగతి, ఎలర్జీల సంగతి చెప్పు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి ఆ మందు ఆలోచించి ఇస్తారు.

మొత్తం మీద నీది ఇరవై నిమిషాల నుంచి ముప్పావుగంట. ఎక్కువనుకుంటున్నావా? 1977 జులైలో అమెరికాలో రేమండ్ దమాడియన్ అనే డాక్టరు తొలిసారి మనిషి ఒంటిని ఇలా స్కాన్ చేశాడు. ముందు తనే కూర్చున్నాడు, ఒళ్లు ఎక్కువై సిగ్నల్ రాలేదు. సన్నగా ఉన్న శిష్యుణ్ణి కూర్చోబెట్టారు. ఛాతీ బొమ్మ ఒక్కదానికి దాదాపు 5 గంటలు పట్టింది. 2003లో ఎమ్మారైకి నోబెల్ ఇస్తే అది పాల్ లాటర్‌బర్‌కీ, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ వెళ్లింది. ఈయనకి రాలేదని పేపర్లలో పేజీ నిండా ప్రకటనలు వేసి మరీ పోట్లాడాడు. నాకు ఆ శిష్యుడి మీదే జాలి.

అయిపోయాక బల్ల మీద నుంచి ఒక్కసారిగా లేవకు, కాసేపు కూర్చుని లే. భయానికి ఇచ్చే ఆ మగత మందు తీసుకోకపోతే ఆ రోజు నీ పనులు నువ్వు చేసుకోవచ్చు. ఎలా ఉందని టెక్నీషియన్‌ని అడక్కు, అతను చెప్పడు. మొహం చూసి ఊహించుకోవడానికీ ప్రయత్నించకు. నేను ఊహించుకుని ఒక రాత్రంతా జాగారం చేశాను. తీరా అతను ఆవలింత ఆపుకుంటున్నాడట! బొమ్మలు చూసి రాసేది రేడియాలజిస్టు.

రిపోర్టు వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు కవరు విప్పి ఒక్కో మాటా ఫోన్లో వెతుక్కుంటూ కూర్చుంటావు, నాకు తెలుసు. "డిస్క్ బల్జ్" అని ఉంటుంది, దాదాపు ఖాయం. 1994లో అమెరికాలో నడుం నొప్పి అసలు లేని 98 మందికి ఎమ్మారై తీశారు. సగానికి పైగా, 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. నొప్పి లేనివాళ్లకే! అందుకని కాగితంలో ఉన్నదీ నీ కాల్లో లాగేదీ ఒకటేనా కాదా అన్నది నీ కాలు లేపి, తట్టి చూసే డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా ఆపరేషనంటూ ఇంట్లో వాళ్లని హడలగొట్టకు.

గురువారం పొద్దున్న నేను వస్తున్నా. వద్దనకు, టిక్కెట్టు కొనేశాను. ఆ ఫారం నా ఎదుట నింపాలి. వాచీ, ఉంగరం ఇంట్లోనే పెట్టి వస్తాను. పిన్నుల సంగతి చెల్లాయికి నువ్వే చెప్పు.

నీ
రాముడు